మీ ఇంట్లోకి టైమ్‌షేర్ మొదట ఎలా వచ్చింది? నాన్నగారి బీరువాలో ఒక ఫైలు దొరికింది

కోటగుమ్మం_విజయనగరం:
అందరికీ నమస్కారం. నాన్నగారు పోయి ఏడు నెలలయింది. సంవత్సరీకం లోపు కాగితాలన్నీ ఒక దారికి తెద్దామని మొన్న ఆదివారం అమ్మా నేనూ బీరువా సర్దుతుంటే ఎల్ఐసీ బాండ్ల కింద ఒక నీలం ఫైలు కనిపించింది. తీరా చూస్తే ఒక హాలిడే రిసార్ట్ కంపెనీ మెంబర్‌షిప్ సర్టిఫికెట్. టైమ్‌షేర్ అంటారే, ముందే డబ్బు కట్టి ఏటా కొన్ని రోజులు రిసార్టు గది వాడుకునే హక్కు, అదన్న మాట. 1999లో తీసుకున్నారు. ఏడాదికి ఏడు రాత్రులు, స్టూడియో గది, వైట్ సీజన్, 33 ఏళ్లు. అంటే 2032 దాకా ఉంది. కట్టింది 62,000 రూపాయలు, వాయిదాల మీద. నాన్నగారు సొసైటీ ఆఫీసులో గుమస్తా, అప్పట్లో అది ఆయన ఏడాది జీతం.

మా ఇంట్లో ఎవరం ఏ రిసార్టుకీ వెళ్లలేదు. సింహాచలం, రామతీర్థం, జీవితంలో రెండుసార్లు తిరుపతి, అంతే మా ప్రయాణాలు. అమ్మని అడిగితే తనకేమీ తెలియదంది, ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. 2011 దాకా ఏటా మెయింటెనెన్స్ కట్టిన రసీదులు వరసగా పిన్ను గుచ్చి ఉన్నాయి. అది చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. సైకిల్ టైరు మార్చడానికి నాలుగుసార్లు ఆలోచించే మనిషి ఇది ఎందుకు కొన్నట్టు?

ఇది అమ్ముకోవచ్చా, నా పేరు మీదకి మార్చుకోవాలా, వదిలేయాలా అన్నది తర్వాత సంగతి. ముందు మీ మీ ఇళ్లలోకి ఇది ఎలా వచ్చిందో చెప్పండి. అవి చదివితే నాన్నగారి సంగతి కొంచెమైనా అర్థమవుతుందేమోనని ఆశ.

రిటైర్డ్_హవల్దార్:
తమ్ముడూ, ముందుగా మీ నాన్నగారి ఆత్మకి శాంతి కలగాలి.

మాది సోంపేట దగ్గర ఊరు. నేను 2006లో జబల్‌పూర్‌లో ఉండగా తీసుకున్నాను. నన్నెవరూ బలవంతం చెయ్యలేదు, మోసపోయానని కూడా అనుకోను. అప్పటికి పెళ్లయి పదకొండేళ్లు. నా భార్య మా అమ్మానాన్నల్ని, ఇద్దరు పిల్లల్ని, రెండు గేదెల్ని చూసుకుంటూ ఊళ్లోనే ఉండిపోయింది. నేను లీవు మీద వచ్చిన ప్రతిసారీ ఎవరిదో పెళ్లి, లేదంటే వరి కోతలు, లేదంటే ఇంటికి రిపేరు. ఇద్దరం కలిసి ఎక్కడికైనా వెళ్దామని అనుకోవడం, ఆ డబ్బు ఇంకో పనికి అయిపోవడం. ఒక స్టాల్ దగ్గర ఇది అమ్మే కుర్రాడు చెప్పింది వింటుంటే నాకు తట్టింది ఒక్కటే. ముందే డబ్బు కట్టేస్తే ఇక వెళ్లక తప్పదు కదా అని. నేను కొన్నది గదిని కాదు, ఆ వెళ్లక తప్పని పరిస్థితిని.

మొదటిసారి మున్నార్ వెళ్లాం. ఆమెకి రోజూ నాలుగింటికి లేచి గేదె పాలు పితికే అలవాటు. అక్కడా నాలుగున్నరకే లేచి శాలువా కప్పుకుని వరండాలో నిలబడి ఉంది. ఏం చేస్తున్నావ్ అంటే "ఏటి చెయ్యాలో తెలీక నిలబడ్డాను" అంది. ఆ మాట నాకు ఇవాళ్టికీ గుర్తు. ఇప్పటికి పదమూడుసార్లు వెళ్లాం. నాలుగు నెలల ముందు ఫోన్ పట్టుకుని కూర్చుంటే తప్ప మంచి చోట గది దొరకదు, అది మాత్రం నిజం.

నాగావళి_తీరం:
హవల్దార్ గారూ, మీ మేడమ్ గారి మాట చదివి కళ్లు చెమర్చాయి. నా అనుభవం మాత్రం వేరు.

2017లో శ్రీకాకుళంలో ఎగ్జిబిషన్‌కి పిల్లల్ని తీసుకెళ్తే గేటు దగ్గర ఒక అమ్మాయి పేరు, ఫోన్ నంబరు రాసి డబ్బాలో వెయ్యమంది. వారానికి ఫోన్. "కంగ్రాట్స్ మేడమ్, మీకు మూడు రోజులు రెండు రాత్రులు గోవా ఫ్రీ, మీరూ సారూ ఇద్దరూ కలిసి విశాఖపట్నం హోటల్‌కి వచ్చి కూపన్ తీసుకోవాలి, ఒక్కరు వస్తే కుదరదు." ఇద్దరం టీచర్లం, ఆదివారమే కదా అని బస్సెక్కాం. గంటన్నర అన్నది నాలుగు గంటలైంది. ఏసీ హాలు, గట్టిగా పాటలు, ఎక్కడో ఒక టేబుల్ దగ్గర ఎవరో చేరారని మైకులో చెప్పడం, అందరూ చప్పట్లు కొట్టడం. మొదట నాలుగున్నర లక్షలన్నారు. మావారు వద్దంటే మేనేజర్ వచ్చి మూడు లక్షల పాతిక అన్నాడు. అదీ వద్దంటే ఇంకో పెద్దాయన వచ్చి, "టీచర్లకి ప్రత్యేకం, ఈ పూటకే" అని రెండు లక్షల నలభై వేలన్నాడు. పిల్లాడు ఆకలని ఏడుస్తున్నాడు. అక్కడి నుంచి బయటపడితే చాలన్నట్టు కార్డు మీద 40,000 గీకి సంతకం పెట్టేశాం.

తిరుగు బస్సులో ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. రణస్థలం దాటాక మావారు కాగితాలు తీసి ఫోన్ లైటులో చదవడం మొదలుపెట్టారు. పదకొండో పేజీలో సన్నక్షరాల్లో, పది రోజుల లోపు రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చని ఉంది. మర్నాడే రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు పెట్టి ఉత్తరం పంపాం, అదే ఈమెయిల్ కూడా చేశాం. మూడు నెలలు తిప్పించుకుని, కొంత కోసుకుని మిగతాది వెనక్కి ఇచ్చారు. ఆ అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు లేకపోతే మా మాట ఎవరూ నమ్మేవారు కాదు. మేం టైమ్‌షేర్‌కి యజమానులుగా ఉన్నది అంతా కలిపి ఒక్క రాత్రి.

రాజాం_అబ్బాయి:
మాది ఓర్లాండో కథ. 2009లో డిస్నీ టికెట్లు సగం రేటుకి ఇస్తామంటే రెండు గంటల బ్రేక్‌ఫాస్ట్ మీటింగ్‌కి వెళ్లాం, నాగావళి_తీరం గారు చెప్పిందే ఇంగ్లీషులో జరిగింది. తేడా ఏమిటంటే ఫ్లోరిడాలో పది రోజుల లోపు రద్దు చేసుకునే హక్కు చట్టంలోనే ఉంది, కంపెనీ దయ కాదు. నాకప్పుడు ఆ సంగతి తెలియదు, తెలిసేసరికి పదిహేను రోజులయ్యాయి. రెండేళ్లకో వారం, రెండు బెడ్‌రూముల ఇల్లు. మెయింటెనెన్స్ ఏటా పెరుగుతూనే ఉంది. తర్వాత చూస్తే ఈబేలో అలాంటివే ఒక్క డాలరుకి అమ్మకానికి పెట్టి ఉన్నాయి, ఏటా కట్టే ఫీజు తప్పించుకుంటే చాలని.

కానీ ఒకటి చెప్పాలి. 2012లో అమ్మానాన్న వచ్చినప్పుడు ఆ వారం వాడాను. అక్కడ నిజమైన వంటిల్లు ఉంటుంది, స్టవ్, ఫ్రిజ్, గిన్నెలు అన్నీ. అమ్మ పప్పుచారు కాచి, రాజాం నుంచి తెచ్చిన ఊరమిరపకాయలు వేయించింది. హోటల్ గది అయితే నాన్న రెండో రోజే ఇంటికి పోదామనేవారు. అలాంటిది ఏడు రోజులూ ఉన్నారు. ఆ తర్వాత నాన్న ఇక ప్రయాణం చెయ్యలేకపోయారు. డబ్బు లెక్కన తప్పే. ఆ వారం సంగతి మాత్రం నేను లెక్క వెయ్యను.

ఆమదాలవలస_లెక్కలు:
బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్లు చేశాను కాబట్టి నేను లెక్క వెయ్యక మానను, ఏమీ అనుకోవద్దు బాబూ.

ఈ వ్యాపారం ఎక్కడి నుంచి వచ్చిందో ముందు కొంచెం. 1960ల్లో యూరప్‌లో, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ కొండ ప్రాంతాల్లో పుట్టింది. ఏటా మంచు కాలంలో హోటల్ గది వెతుక్కునే బదులు ఆ గదిలో మీ వారం మీరే కొనేసుకోండి అన్నారు. అమెరికాలో 1970ల మొదట్లో ఫ్లోరిడాలో కట్టిన ఫ్లాట్లు అమ్ముడుపోక బిల్డర్లు ఇబ్బంది పడ్డారు. మొత్తం ఫ్లాటు కొనలేనివాడు వారం కొంటాడు కదా అని ముక్కలు చేసి అమ్మారు. ఏడాదికి 52 వారాలు, రిపేర్లకి ఒకటో రెండో వదిలేస్తే ఒకే గదిని యాభై మందికి అమ్మొచ్చు. కొన్న చోటే ప్రతి ఏడూ వెళ్లాలంటే విసుగు కదా, అందుకని ఒకరి వారం ఇంకొకరితో మార్చుకునే ఏర్పాటుగా 1974లో ఆర్‌సీఐ అనే కంపెనీ వచ్చింది. మన దేశంలో 1986లో స్టెర్లింగ్, 1996లో మహీంద్రా వాళ్లు మొదలుపెట్టారు. ఊటీ, కొడైకెనాల్, మున్నార్ పేర్లు మన మధ్యతరగతి ఇళ్లలో ఎక్కువగా వినపడింది అప్పుడే. 1990ల్లో ఒక పక్క టేకు తోటల స్కీములు, ఒక పక్క ఇవి. జీతగాళ్ల చేతిలో మొదటిసారి కొంచెం డబ్బు ఆడిన రోజులు. మీ నాన్నగారు కొన్నదీ ఆ గాలిలోనే.

ఇప్పుడు నా లెక్క. 2011లో నేను 2,80,000 పెట్టాను. అల్లుడు కొత్తగా చేరాడు, చేరిన వాళ్లు ఇంకొకరి పేరు చెప్తే ఏదో బహుమతి అట, నా పేరు చెప్పాడు. అల్లుడి మాట కాదనలేకపోయాను. అదే సొమ్ము ఎనిమిది శాతానికి డిపాజిట్ చేస్తే ఏడాదికి 22,400. మెయింటెనెన్స్ అప్పట్లో 14,000. రెండూ కలిపి 36,400. ఏడు రాత్రులకి పంచితే రాత్రికి 5,200. అదీ ఏడు రాత్రులూ వాడితేనే. తిండి, రైలు, కారు వేరే. బియ్యం కొన్న తర్వాత కూర సంగతి చెప్పినట్టు, గది ఫ్రీ అనుకుని వెళ్తే లోపల నలుగురి భోజనం బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది.

ఇంకో మాట. మీ ఫైలులో వైట్ సీజన్ అన్నారు. చాలా కంపెనీల్లో సీజన్లకి రంగులు ఉంటాయి. పర్పుల్ అంటే బాగా గిరాకీ ఉన్న రోజులు, వేసవి సెలవులు, క్రిస్మస్ వారం లాంటివి. తర్వాత రెడ్. వైట్, బ్లూ అంటే గిరాకీ లేని రోజులు, మనకి పిల్లల బడులు జరిగే రోజులు. రేటు తక్కువని అదే తీసుకుంటారు. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే దానితో కదలడం కష్టం. మీ నాన్నగారు ఇచ్చుకోగలిగింది వైట్ అయి ఉంటుంది.

కోటగుమ్మం_విజయనగరం:
లెక్కలు సార్, మీ పోస్టు చదివి ఫైలు మళ్లీ తీశాను. 2001 ఏప్రిల్ తేదీతో కంపెనీ నుంచి ఒక ఉత్తరం ఉంది. "మీరు కోరిన మే నెల తేదీలు మీ సీజన్‌కి వర్తించవు" అని. 2002లో అలాంటిదే ఇంకొకటి. అంటే నాన్న అడిగారన్న మాట. వెళ్లాలనే అనుకున్నారు. మాకెందుకు చెప్పలేదో.

గంటస్తంభం_77:
రెండు రోజుల నుంచి ఇది చదువుతూ, రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. నేను 2004 నుంచి నాలుగేళ్లు అలాంటి ఒక కంపెనీలో అమ్మాను. అవతల టేబుల్ దగ్గర కూర్చున్నది నేను.

నాగావళి_తీరం గారు రాసిన ప్రతి అక్షరం నిజం. డబ్బాలో వేసిన చీటీలే మాకు లిస్టు. పెట్రోల్ బంకు, బట్టల షాపు, ఎగ్జిబిషన్, ఎక్కడ డబ్బా ఉన్నా అది మాదే. ఫోన్ చేసేవాళ్లు వేరు, హాల్లో మాట్లాడేవాళ్లు వేరు, ఆఖర్లో రేటు తగ్గించడానికి వచ్చేవాడు వేరు. భార్యాభర్తలు ఇద్దరూ రావాలని ఎందుకు పట్టుబడతామంటే, ఒక్కరే వస్తే "ఇంట్లో అడిగి చెప్తాను" అని లేచిపోతారు. ఇద్దరూ ఉంటే ఆ మాట రాదు. మొదటి అరగంట డబ్బు ఊసే ఎత్తకూడదు. పెళ్లయ్యాక ఎక్కడికి వెళ్లారు, పిల్లలు మంచు చూశారా, అమ్మానాన్నల్ని ఎక్కడికైనా తీసుకెళ్లారా, ఇవే అడగాలి. వాళ్ల జవాబులు కాగితం మీద రాసుకోవాలి. తర్వాత ఆ జవాబులే వాళ్లకి తిరిగి చదివి వినిపించాలి. "మీరే కదా సార్ చెప్పారు, పిల్లలు మంచు చూడలేదని." అప్పుడు చాలామంది తల దించుకునేవారు. ఆ క్షణంలో ఫారం ముందు పెట్టాలి. ఆ పద్ధతి నాకు బాగా వచ్చేసింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నేను అమ్మిన మొదటి మెంబర్‌షిప్ మా అన్నయ్యకి. మొదటి నెల టార్గెట్ ఒక్కటి తక్కువైంది. అన్నయ్య పార్వతీపురంలో చిన్న కిరాణా కొట్టు నడిపేవాడు. కొట్టు మూసి ఏడు రోజులు వెళ్లేది ఎప్పుడు? ఆ సంగతి నాకు తెలుసు, అయినా అమ్మాను. నా ఉద్యోగం నిలబడాలని తీసుకున్నాడు తప్ప తన కోసం కాదు. ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఉద్యోగం మానేశాక ఆ డబ్బు అన్నయ్యకి మూడేళ్లలో తిరిగి ఇచ్చాను, వదిన దగ్గర అడిగి మరీ లెక్క సరిచూసుకున్నాను.

తమ్ముడూ, మీకు ఒకటి చెప్పాలి. మా హాల్లో భార్య లేకుండా మగవాడిని ఒక్కడినే కూర్చోబెట్టేవాళ్లం కాదు. 1999లో పద్ధతులు కొంచెం వేరేగా ఉండొచ్చు, కానీ మీ నాన్నగారు ఒక్కరే వెళ్లి సంతకం పెట్టి ఉంటారని నాకు అనిపించడం లేదు. అమ్మగారు కాకపోతే ఇంకెవరో పక్కన ఉన్నారు. నామినీ గడి చూశారా?

నాగావళి_తీరం:
77 గారూ, మీరు రాసినందుకు నాకు కోపం రాలేదు. మా టేబుల్ దగ్గర కూర్చున్న కుర్రాడి చొక్కా కాలర్ చిరిగి ఉంది. ఆ సంగతి మావారు బస్సు దిగాక చెప్పారు.

పలాస_జీడితోట:
నాది చిన్న అనుభవం. ఒక మిత్రుడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో, 2015లో కొన్నాను. ఆయన బెంగళూరు వెళ్లిపోతూ పన్నెండేళ్లు మిగిలి ఉన్నది సగానికన్నా తక్కువకి ఇచ్చాడు, ట్రాన్స్‌ఫర్ ఫీజు నేను కట్టుకున్నాను. కొనే ముందు ఆయన వారంలో మేమే అతిథులుగా కొడైకెనాల్ వెళ్లి చూసి వచ్చాం, నచ్చాకే మాట్లాడుకున్నాం. రెండేళ్లు బాగానే వాడాం.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా జీడి తోటని పడుకోబెట్టేసింది. మళ్లీ మొక్క నాటితే కాపు సరిగ్గా అందేసరికి నాలుగైదేళ్లు. కరెంటు లేదు, తాగే నీళ్లు లేవు, ఆ పరిస్థితుల్లో కంపెనీ నుంచి మెయింటెనెన్స్ కట్టమని మెసేజ్. పరిస్థితి చెప్పి గడువు అడిగాను. వడ్డీ కలిపి కట్టేదాకా బుకింగ్ ఉండదన్నారు. 2021లో అంతా కలిపి కట్టి మళ్లీ తెరిపించాను. ఊటీ వెళ్తే మా చిన్నది అక్కడి చెట్లు చూసి, "నాన్నా, ఇక్కడ గాలి రాదా?" అని అడిగింది.

రైతులు, వ్యాపారం మీద బతికేవాళ్లు ఏటా తప్పకుండా కట్టాల్సింది పెట్టుకునే ముందు గట్టిగా ఆలోచించాలి. జీతం వచ్చేవాళ్ల సంగతి వేరు.

చీపురుపల్లి_వకీలు:
కోటగుమ్మం గారూ, బకాయిలు కట్టేస్తానని ఫోన్‌లో ఎవరికీ మాట ఇవ్వకండి. ముందు మెంబర్‌షిప్ ఇంకా ఉందా, రద్దు చేశారా, ఉంటే బకాయి ఎంత, దేనికెంత అని రాతపూర్వకంగా స్టేట్‌మెంట్ అడగండి. ఒప్పందంలో వరసగా కట్టకపోతే రద్దు చేసే షరతు ఉందేమో, సభ్యుడు పోతే ఎవరికి వస్తుందన్న షరతు ఏమిటో చదవండి. మామూలుగా నామినీ అంటే సొంతదారు అని కాదు, వారసులందరి తరఫున అందుకునే మనిషి. కాబట్టి ఇంట్లో అందరూ ఒక మాట మీద ఉంటే పని తేలిక.

మిగతావాళ్లకి కూడా పనికొచ్చే సంగతి. ఇదివరకు కంపెనీ ఆఫీసు ఉన్న ఊరికో, కొన్న ఊరికో పరిగెత్తాల్సి వచ్చేది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చాక మనం ఉంటున్న జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. విజయనగరంలో, శ్రీకాకుళంలో జిల్లా కమిషన్లు ఉన్నాయి. కట్టిన సొమ్ము 50 లక్షల లోపు అయితే జిల్లాలోనే, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. తగాదా మొదలైన రెండేళ్ల లోపు వెయ్యాలి, చాలామంది దగ్గర కేసు పోయేది ఈ ఒక్క కారణంతోనే. కేసు దాకా వెళ్లకముందు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. హాల్లో నోటితో చెప్పిన మాటలు రుజువు చెయ్యడం కష్టం, కాగితం మీద రాయించుకుంటేనే గట్టిగా నిలబడుతుంది.

రాజాం_అబ్బాయి:
నామినీ సంగతి ఏమైంది తమ్ముడూ? రెండు రోజులైంది.

కోటగుమ్మం_విజయనగరం:
ఆలస్యమైంది, క్షమించండి. ఫైలులో నామినీ గడి వెనక పేజీలో ఉంది, నేను తిప్పి చూడలేదు. అందులో మా అప్ప, అంటే అక్క, పేరు ఉంది. నాన్న చేతిరాత.

అప్ప భిలాయిలో ఉంటుంది. ఫోన్ చేసి నీలం ఫైలు అనగానే అటు పక్క చాలాసేపు మాట లేదు. ఆ ఏడాది తను ఇంటర్ రెండో సంవత్సరం. కళ్లజోడు కోసం నాన్న తనని విశాఖపట్నం తీసుకెళ్లారట. ఆసుపత్రిలో చుక్కలు వేస్తే చూపు మసకగా ఉందని, కాస్త తేరుకున్నాక పక్కనే ఏదో హాల్లో ఫ్యాన్ కింద కూర్చున్నారట. అక్కడ గోడ మీద కొండల్లో వెళ్లే చిన్న రైలు పెద్ద ఫొటో. దగ్గరగా వెళ్లి కళ్లు చికిలించి చూసి, "నాన్నా, ఇది నిజంగా ఉందా?" అని అడిగిందట. ఒకాయన వచ్చి కూర్చోబెట్టి మాట్లాడాడు. నాన్న ఆ రోజు ఏమీ కట్టలేదు. వారం తర్వాత ఒక్కరే మళ్లీ వెళ్లి కట్టి వచ్చారు. "అమ్మకి చెప్పకు, టికెట్లు కొన్నాక చెబుదాం" అన్నారట.

వేసవికి అడిగితే లేదన్నారు, ఆ ఉత్తరాలు మీకు చెప్పాను కదా. 2003లో అప్పకి పెళ్లయింది. అప్పటి నుంచి ప్రతి ఏడూ ఆగస్టు ప్రాంతంలో నాన్న ఫోన్ చేసి "మీ ఆయనకి సెలవు దొరుకుతుందా అమ్మా" అని అడిగేవారట. వైట్ సీజన్ అప్పుడే మరి. అప్ప ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒకటి, మావయ్యగారి ఆరోగ్యం, పిల్లల బడి, ఎప్పుడూ కుదరదనే చెప్పిందట. 2011లో నాన్న రిటైరయ్యారు, తర్వాత ఇక అడగలేదు. ఊరికే పలకరింపుగా అడుగుతున్నారనుకుందట తను. ఆ కాగితం ఇంకా ఉందని తనకి తెలియదు.

అమ్మకి అంతా చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, ఫైలు తీసుకుని రసీదులన్నీ ఒక్కొక్కటే చూసింది.

వకీలు గారు చెప్పినట్టు ఈ రోజు ఉదయం కంపెనీకి మెయిల్ పెట్టాను, స్టేట్‌మెంట్ అడుగుతూ. అదే ఉత్తరం స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా కూడా పంపాను. రద్దయిపోయి ఉంటే ఆ మాటే రాసి ఇమ్మన్నాను. సంతకం అప్పది కావాలి. దసరా తర్వాత సిరిమానోత్సవానికి వస్తానంది, బావగారు, పిల్లలు అందరూ. జవాబు రాగానే ఇక్కడే పెడతాను.